లైబ్రరీలో వెలసిన అమ్మవారు

నేను దేవుణ్ణి నమ్మే మనిషినే. తిరుపతిలో కాపురం ఉంటూ నమ్మకపోతే ఎలా? కానీ నా చేతులతో నేనే ఒక అమ్మవారిని తయారుచేస్తానని, అదీ ప్లాస్టిక్‌తో చేస్తానని, అదీ ఆఫీసు టైంలో చేస్తానని మాత్రం కలలో కూడా అనుకోలేదు. నవ్వకండి! టీ చల్లారేలోపల మొత్తం చెప్పేస్తా. మధ్యలో ఎవరైనా "అయ్యో కస్తూరీ, ముందే ఆలోచించొద్దా?" అన్నారంటే మాత్రం అక్కడే ఆపేస్తా. ఎందుకంటే నేను ఆలోచించే చేశాను. అదే కదా అసలు గొడవ!

నా ఉద్యోగం మీకు తెలిసిందే. మెడికల్ యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్ని. పై అంతస్తుల్లో డాక్టరు చదివే పిల్లలు లావుపాటి పుస్తకాల మీద తలలు ఆనించి నిద్రపోతుంటారు. కింద, మెట్ల పక్కన, ఒక పెద్ద గది ఉంది. అది నాది. నా పేరున రాసివ్వలేదనుకోండి, అయినా నాదే. పాతకాలం గాజు సిరంజీలు, వాటిని ఉడకబెట్టే ఇత్తడి డబ్బాలు, మందులు నూరే కల్వాలు, టీకాలు వేసే రెండు మొనల సూదులు, ఒక చెక్క స్టెతస్కోపు, అన్నీ ఆ గదిలోనే. ఊరూరా తిరిగి, రిటైరైన డాక్టర్ల ఇళ్ళలో అటకలు దులిపి, కాళ్ళావేళ్ళా పడి తెచ్చినవి. మా ఆయన "తుమ్ములు తెప్పించని వస్తువు ఒక్కటన్నా తెచ్చినావా?" అంటుంటాడు. బయట బోర్డు మీద 'వైద్య చరిత్ర, ప్రజారోగ్య కార్యక్రమాల గది' అని ఉంటుంది. అంటే చదువుకునే పిల్లలకే కాదు, ఊళ్ళో మామూలు జనం కూడా వచ్చి చూడాలి, జబ్బుల సంగతి తెలుసుకోవాలి, జాగ్రత్తపడాలి. ఎంత మంచి ఉద్దేశం!

జనం మాత్రం రారు. 'బీపీ కథ' అని ప్రోగ్రాం పెడితే మా వాచ్‌మన్ ఒక్కడే వచ్చి ఫ్యాను కింద హాయిగా కునుకు తీశాడు. 'షుగరు జబ్బు, నిన్నా నేడూ' అని పెడితే కొంతమంది వచ్చారు. "రక్తం టెస్టు చెయ్యరా? వట్టి చరిత్రేనా?" అని అడిగి, అరటిపళ్ళు తిని వెళ్ళిపోయారు.

ఇదంతా చూసి చూసి మా డైరెక్టర్ సారు ఒకరోజు పిలిచారు. "కస్తూరి గారూ, గంగజాతర అయిపోగానే ఆ గది ఖాళీ చేసి ఇచ్చేయండి. ఆన్‌లైన్ పరీక్షలకి కంప్యూటర్లు వస్తున్నాయి."

నా సిరంజీలు, నా కల్వాలు అన్నీ స్టోర్‌రూంలో విరిగిన కుర్చీల కింద పడి ఉండటం కళ్ళకు కట్టింది. ఏడుపొచ్చేదే, కానీ ఏడిస్తే నేను కస్తూరిని ఎందుకవుతాను?

"సార్, జాతర అయ్యేలోపల మీకు జనాన్ని చూపిస్తా. అప్పుడు గది ఉంచుతారా?" అన్నాను.

"గేటు దాకా జనం నిలబడితే ఉంచుతా," అని ఆయన నవ్వారు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది. గేటు దాకానా? చూపిస్తా ఉండండి, అనుకున్నాను.

జాతర వారం మన ఊరు ఎలా ఉంటుందో తెలుసు కదా. చాటింపు వేశారంటే చాలు, ఎక్కడ చూసినా వేపాకు, పసుపు, అంబళి, వేషాలు. మగాళ్ళు చీర కట్టి జడ వేసుకుని తిరుగుతారు, ఒళ్ళంతా సుద్ద పూసుకున్నవాళ్ళు ఎదురైన వాళ్ళనల్లా బూతులు తిడతారు, తిట్టించుకున్నవాళ్ళు దండం పెడతారు. ఇంత జనం రోడ్ల మీద ఉంటే నా గదికి రాకపోవడమేంటి? వాళ్ళకు తెలిసిన సంగతే చెబుదాం, అనుకున్నాను. మశూచి! ఇప్పుడు ఆ జబ్బు లోకంలోనే లేదు. కానీ ఒకప్పుడు ఒంటి మీద పొక్కులు లేస్తే జబ్బు అనేవాళ్ళు కాదు, "అమ్మ పోసింది" అనేవాళ్ళు. పలమనేరులో మా జేజి, అదే మా నాయనమ్మ, చెప్పేది: అమ్మ పోసిన మనిషిని పేరు పెట్టి పిలవకూడదు, 'తల్లీ' అనాలి. పక్క చుట్టూ వేపమండలు పెట్టాలి. ఇంట్లో తాలింపు వాసన రాకూడదు. జబ్బు తగ్గినాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళు తలకు పోస్తే అమ్మ దిగిపోతుంది, మనిషి మళ్ళీ మామూలు మనిషి అవుతుంది. ఆ కాలంలో ఒక ఇల్లు ఎలా ఉండేదో అచ్చంగా చూపించి, పక్కనే టీకా ఎలా వచ్చిందో చెబితే? భలే ఐడియా! ఇప్పటికీ అంటా, ఐడియా మాత్రం భలేది.

అమ్మ పోసిన మనిషి కావాలి కదా. అందుకు మా జయంతిని పట్టుకున్నాను. జయంతి నా స్నేహితురాలు, చంద్రగిరిలో నర్సింగ్ కాలేజీలో టీచరు. వాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉంది. గుండె ఆగిపోయిన మనిషికి ఎద మీద నొక్కి, నోట్లో ఊపిరి ఊది ఎలా బతికించాలో పిల్లలకు నేర్పే బొమ్మ. సరిగ్గా నొక్కితే లోపల 'టక్' మంటుంది, భుజం మీద పచ్చ లైటు వెలుగుతుంది.

"శుక్రవారం పొద్దున మా పిల్లలకి ప్రాక్టికల్స్ ఉండాయి కస్తూరీ. బయటినుంచి ఎగ్జామినర్ వస్తా ఉండారు. గురువారం సాయంత్రానికి నా బొమ్మ నాకు రావాల," అంది జయంతి.

"కడిగి, తుడిచి, పౌడరేసి ఇస్తా. పో!" అన్నాను.

బొమ్మకు తల నుంచి నడుము దాకానే ఒళ్ళు ఉంటుంది. చేతుల్లేవు, కాళ్ళు లేవు. పడుకోబెట్టి కాళ్ళ బదులు దిండ్లు పెట్టి చూశాను. పరుపు చుట్టలాగా ఉంది. సరే అని పీట మీద కూర్చోబెట్టి వెనక దిండు ఆనించాను. పసుపు రంగు నూలుచీర భుజాల మీదుగా చుట్టి, కుచ్చెళ్ళు కిందికి పరిచాను. ముఖానికి పసుపు పూశాను. కుంకుమ కొబ్బరినూనెలో కలిపి పొక్కులు దిద్దాను. తల చుట్టూ, వెనకాల, పైన తోరణంగా వేపమండలు. ముందర ఇత్తడి చెంబు నిండా పసుపునీళ్ళు, పక్కన రాగి అంబళి ముంత. గోడ మీద 'మశూచి నుంచి టీకా దాకా' అని పెద్ద పోస్టరు, ఎంతో కష్టపడి రాసింది. బొమ్మ లోపల బ్యాటరీ స్విచ్చి కూడా వేసి పెట్టాను. మశూచి కథ అయ్యాక అదే బొమ్మ మీద గుండె నొక్కడం కూడా నేర్పించవచ్చు కదా! ఒక బొమ్మ, రెండు పాఠాలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గురువారం పొద్దున తలుపు తెరిచి, ఎండన పడి వచ్చేవాళ్ళకు ఓఆర్ఎస్ నీళ్ళు ఒక స్టీలు డ్రమ్ము నిండా కలిపించి, మా అటెండరు మునస్వామిని దాని దగ్గర నిలబెట్టాను. మునస్వామిది చిత్తూరు పక్క పల్లె. బొమ్మను చూసి రెండు చేతులూ జోడించి, చెప్పులు బయట విడిచి వచ్చాడు. చూశారా, గది అంటే ఎంత గౌరవమో, అనుకున్నాను.

మొదట వచ్చింది రెడ్డెమ్మవ్వ. కాలేజీ వెనక వీధిలో ఉంటుంది. ఇద్దరు కోడళ్ళను వెంటబెట్టుకుని జాతరకు పోతూ, నీడ కోసం మా వరండాలోకి వచ్చింది. నేను ఎదురెళ్ళి మరీ పిలిచాను.

"లోపలికి రా అవ్వా. చూసి పోదువు."

అవ్వ గడప దగ్గర ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసింది. "ఈడ ఎప్పుడు పెట్టినారు పాపా?"

"ఈ పొద్దే అవ్వా."

"ఎవురు పెట్టింది?"

"నేనే!" అన్నాను గర్వంగా.

"సల్లంగా ఉండు తల్లీ. నీ కడుపు సల్లంగా ఉండ," అని నా తల మీద చెయ్యి పెట్టింది. నేను పొంగిపోయాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక ఎగ్జిబిషన్ పెట్టినందుకు నన్ను దీవించిన మనిషి ఒక్కరూ లేరు!

కోడళ్ళిద్దరూ చెప్పులు విడిచారు. బొమ్మ ముందర మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేను పోస్టరు చూపించి కథ మొదలుపెట్టాను. వాళ్ళు పోస్టరు వైపు చూడనే లేదు. కళ్ళు మూసుకున్నారు. పాత రోజుల్లో పోయినవాళ్ళను తలుచుకుని బాధపడుతున్నారేమో, ఎంత మంచి మనసులు, అనుకున్నాను. అప్పటికింకా నేను అలాగే అనుకుంటూ ఉన్నానండీ!

"ఈదిలో వాళ్ళకంతా చెప్పేసి వస్తా," అని అవ్వ లేచింది.

"చెప్పు అవ్వా, తప్పకుండా చెప్పు! అందర్నీ పిలుచుకుని రా!" అన్నాను. అవును, నేనే అన్నాను.

అవ్వ చెప్పింది. ఆ వీధి ఇంకో వీధికి చెప్పింది. కాసేపటికి పసుపు చీరలు, వేపమండలు, తలల మీద పొంగలి కుండలు, పూల బుట్టలు. గది నిండింది. వరండా నిండింది. అవ్వ ఈసారి మల్లెపూల దండతో వచ్చింది. బొమ్మ మెడలో వేయబోయి, పట్టు తప్పి, రెండు చేతులూ బొమ్మ ఎద మీద ఆనించి ముందుకు ఒరిగింది.

టక్!

భుజం మీద చీర చాటునుంచి పచ్చ లైటు వెలిగింది.

గదిలో ఒక్కసారిగా గోల! "పలికినాది! అమ్మ పలికినాదే! గంగమ్మ తల్లీ!"

"అవ్వా, అవ్వా, అది సెన్సారు, లోపల బ్యాటరీ..." అని నేను అరుస్తూనే ఉన్నాను. నా అరుపు నాకే వినబడలేదు. అప్పుడర్థమైంది నాకు, నేనేం చేశానో. జేజి చెప్పినట్టే తు.చ. తప్పకుండా చేశాను. అమ్మ పోసిన మనిషి అంటే అమ్మే. కాళ్ళూ చేతులూ లేకుండా తలా ఎదా మాత్రం ఉంటే? మన పక్క పల్లెల్లో సగం మంది గ్రామదేవతలు అలాగే ఉంటారు! ఇందులో వాళ్ళ తప్పేముంది?

వెంటనే స్టూలెక్కి నిజం చెప్పేదాన్నే. ఒట్టు. కానీ కిటికీలోంచి బయటికి చూశాను. లైను గేటు దాకా ఉంది. గేటు దాకా! సారు అన్న మాట అదే కదా. నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేశాను. సారు వచ్చి ఒక్కసారి చూసి వెళ్ళనీ, ఆ తర్వాత అందరికీ నిదానంగా వివరంగా చెబుదాం, ఇప్పుడు తొందరేముంది, అనుకున్నాను.

అటు చూస్తే మునస్వామి వచ్చినవాళ్ళందరి అరచేతుల్లో గరిటెతో ఓఆర్ఎస్ పోస్తున్నాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని తాగి, మిగిలిన తడి తలకు రాసుకుంటున్నారు.

"తీర్థం ఉప్పుప్పగా, తియ్యతియ్యగా ఉండాదే మావా," అంటోంది ఒకామె.

"అమ్మ తీర్థం అట్లనే ఉంటాది. ఎండకి శానా మంచిది. ఇంకో గరిటె తాగు," అన్నాడు మునస్వామి. వైద్యపరంగా చూస్తే వాడు చెప్పింది నిజమే కాబట్టి నేనేమీ అనలేకపోయాను. ఒకరు కర్పూరం వెలిగించబోతే మాత్రం పరుగెత్తి ఆర్పేశాను. "పైన పుస్తకాలున్నాయమ్మా, నిప్పు వద్దు తల్లీ," అంటే, "పూజారమ్మ చెప్తా ఉండాది, వద్దులే," అని వాళ్ళే సర్దుకున్నారు. పూజారమ్మ! నేను!

ఇంతలో డైరెక్టర్ సారు వచ్చారు. గేటు దగ్గరి నుంచే ఆయన ముఖం వెలిగిపోతోంది. "కస్తూరి గారూ! ఇంత జనమా! మశూచి మీద ఇంత ఆసక్తా!" అంటూ బూట్లతో గడప దాటబోయారు. లైనులో ఒళ్ళంతా సుద్ద పూసుకుని వేపమండ పట్టుకున్న వేషగాడు ఒకడున్నాడు. వాడు సారు మీదికి వచ్చి, బూట్లతో అమ్మ దగ్గరికి పోతావా అంటూ అందుకున్నాడు. ఆ తిట్లు నేను మీకు చెప్పలేను. మీరు టీ తాగుతున్నారు కదా. జాతర వేషం తిట్టు కదా, సారు గబగబా బూట్లు విప్పి రెండు చేతులెత్తి దండం పెట్టారు. ఆ సుద్ద వెనకాల ఉన్నది మా అకౌంట్స్ సెక్షన్ గుమాస్తా అని సారుకు ఇప్పటికీ తెలియదు. మీరు కూడా ఎక్కడా అనకండి.

సారు సాక్సులతో లోపలికి వచ్చి బొమ్మను చూశారు. జనాన్ని చూశారు. నన్ను చూశారు. ఏదో అడగబోయారు. సరిగ్గా అప్పుడే జయంతి!

"ఏమే కస్తూరీ, నా బొమ్మేది? ఆటో బయటే ఉండాది, టైం లేదు, బిన్నా ఇచ్చేయ్!" అంటూ జనాన్ని తోసుకుని వచ్చింది. వచ్చి పూలదండ, పసుపు, పొంగళ్ళు చూసి నోరు తెరిచింది. అయినా పరీక్ష భయం కదా. దండ పక్కకు జరిపి, పని చేస్తోందో లేదో చూద్దామని రెండు చేతులూ కలిపి బొమ్మ ఎద మీద దబదబా నొక్కింది. టక్, టక్, టక్.

"అయ్యో! అమ్మ ఎద మీద గుద్దుతా ఉండాది!" అని ఒక కోడలు కేక పెట్టింది. ఇంకో కోడలు జయంతి చెయ్యి పట్టుకుని లాగింది.

"విడువమ్మా! రేపు మా పిల్లలకి పరీక్ష. దీన్ని చంద్రగిరికి తీసకపోవాల!"

"చంద్రగిరికా?" అని రెడ్డెమ్మవ్వ అడ్డం వచ్చి నిలబడింది. "చాటింపు వేసినాక ఊళ్ళో మనిషే పొలిమేర దాటకూడదు. అమ్మ దాటుతాదా? జాతర అయినాక తీసకపో."

"జాతర అయినాక నా పిల్లోళ్ళు ఫెయిలైపోతారు అవ్వా!" అంది జయంతి. నా వైపు చూసింది. సారు కూడా నా వైపే చూశారు. ఇక తప్పదు. గది పోతే పోయింది, స్నేహితురాలి పరువు పోకూడదు. స్టూలెక్కాను.

"అందరూ వినండమ్మా! తప్పు నాది. ఇది అమ్మవారు కాదు. ఇది బొమ్మ! ప్లాస్టిక్ బొమ్మ! లోపల బ్యాటరీ ఉంది. గుండె జబ్బు పాఠం చెప్పడానికి వాడేది!"

చెప్పేశాను. కొడతారేమో అనుకున్నాను. రెడ్డెమ్మవ్వ నన్ను జాలిగా చూసింది.

"బొమ్మ అని మాకు తెలీదా పాపా? ముట్టుకుంటే తెలీదా ప్లాస్టికో కాదో? గుళ్ళో ఉండేది రాయి. జాతరలో చేసేది మట్టి. నువ్వు ప్లాస్టిక్‌తో చేసినావు. దానికి ఇంత అరిచేదెందుకు?"

"అవును, బ్యాటరీ అయితే ఏం?" అన్నాడొకడు వెనకనుంచి. "గుళ్ళో కరెంటు లైట్లు లేవా?"

ఎంత భయపడ్డాను నిజం చెప్పడానికి! తీరా చెబితే ఎవరికీ అక్కర్లేదు! సారు దగ్గు వచ్చినట్టు నటించారు. జయంతి నెత్తి కొట్టుకుంది.

అప్పుడు తట్టింది నాకు. నేను మామూలు మనిషినా? వైద్య చరిత్ర తలకెక్కినదాన్ని! "అవ్వా," అన్నాను, "అమ్మ పోసిన మనిషికి వేపాకు నీళ్ళు తలకు పోస్తే అమ్మ దిగిపోతుంది కదా? తర్వాత మనిషి మామూలు మనిషే కదా?"

అవ్వ ఆలోచించింది. "ఆ. నీళ్ళు పోస్తే దిగిపోతాది."

"అయితే నీళ్ళు పోద్దాం. అమ్మ దిగి మీ గుడికే వచ్చేస్తుంది. ఈ బొమ్మ చంద్రగిరికి పోతుంది. సరేనా?"

"అట్ల చెప్పు! న్యాయంగా మాట్లాడినావు!" అంది అవ్వ. అందరూ తలలాడించారు. నేను సారు వైపు ఎలా చూశానో మీరు ఊహించుకోండి. గెలిచాను! జయంతి నా చెవిలో గుసగుసగా, "రెండు చుక్కలు చల్లించు, చాలు. లోపలంతా సర్క్యూటు ఉండాది," అంది.

"నేను చూసుకుంటా కదా!" అన్నాను.

చల్లడమా! మన ఊళ్ళో అమ్మవారికి నీళ్ళు ఎవరన్నా చుక్కలు లెక్కపెట్టి పోస్తారా? అవ్వ చెంబెత్తి నడినెత్తిన కుమ్మరించింది. ఒక కోడలు బిందె తెచ్చింది. ఇంకో కోడలు ఇంకో బిందె. ఎవరో ఓఆర్ఎస్ డ్రమ్మే ఎత్తుకొచ్చారు. నేను "చాలు! చాలు తల్లీ!" అని అడ్డం పడితే నాకూ తలంటయిపోయింది.

చివరి బిందె పడ్డాక, తడిసిన బొమ్మ లోంచి ఒక చిన్న బుసలాంటి చప్పుడు వచ్చింది. తర్వాత, ఎవరూ ముట్టుకోకుండానే, టక్. టక్. టక్. పచ్చ లైటు వెలిగింది. ఇంక ఆరలేదు.

రెడ్డెమ్మవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దిగను అంటా ఉండాది! ఈడే ఉంటానంటా ఉండాది!" అని పొర్లు దండం పెట్టేసింది. మొత్తం గది ఆమె వెనకాల వంగింది.

జయంతి మెట్ల మీద కూలబడింది. ఆమెను ఆ స్థితిలో చూస్తే నాకు నిజంగా సిగ్గేసింది. ఏం చెప్పినా వినలేదు. చిత్తూరులో ఉన్న ఇంకో టీచరుకు ఫోన్ చేసి బతిమాలి, అక్కడినుంచి వేరే బొమ్మను బస్సులో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చుకుంది. పరీక్ష జరిగింది, పిల్లలు పాసయ్యారు. జయంతి నాతో మాట్లాడుతోంది కూడా. కానీ ఏదన్నా అరువు అడిగితే ఫోన్ పెట్టేస్తుంది.

డైరెక్టర్ సారు మాత్రం ఆరోజు బూట్లు చేత్తో పట్టుకుని వెళుతూ ఒకే మాట అన్నారు. "రేపు పొద్దున వచ్చి నన్ను కలవండి." నవ్వలేదు. అరవలేదు. అరిచినా బాగుండేది.

మరుసటి రోజు పొద్దున చీర సర్దుకుని బయలుదేరాను. మెమో ఇస్తారా? గది తాళం అడుగుతారా? ఆ బొమ్మకు సంజాయిషీ ఏమని రాయాలి? 'అమ్మ దిగలేదు' అని రాయాలా? సారు గదికి పోయే దారిలోనే నా గది. వరండాలో జనం అప్పటికే లైనులో ఉన్నారు. లోపలినుంచి టక్, టక్ వినబడుతోంది. నేను చదువుకున్నదాన్ని. ఆ టక్ టక్ అంటే తడిసిన వైరు అని నాకు తెలుసు. తెలిసీ నా కాళ్ళు అటే తిరిగాయి.

ఎవరూ చూడరులే అని పక్కనుంచి దూరి, చేతులు జోడించాను. "తల్లీ, నిన్ను కూర్చోబెట్టింది నేనే. ఆ చీర కూడా నాదే. గది పోకుండా చూడమ్మా..."

"మేడం! లైన్లో రాండి!"

మునస్వామి! చేతిలో గరిటె పట్టుకుని నన్ను ఆపుతున్నాడు.

"మునస్వామీ, ఇది నా గదప్పా!"

"మీదే మేడం, ఎవురు కాదన్నారు? అయినా సారే లైన్లో నిలబడి ఉండారు. మీరు మధ్యలో దూరితే బాగుంటాదా?"

చూస్తే నిజమే. లైనులో నడుమ, సాక్సులతో, కొబ్బరికాయ పట్టుకుని డైరెక్టర్ సారు! పక్కన వాళ్ళావిడ. ఆమే నన్ను చూసి దగ్గరికి పిలిచి, నా చేతులు పట్టుకుని దీవించమంది. సారు తల పక్కకు తిప్పుకుని, గొంతు తగ్గించి అన్నారు:

"కంప్యూటర్లు పై అంతస్తులో పెట్టిస్తున్నా. ఇక్కడినుంచి అమ్మను లేపమని ఆర్డరు వేస్తే నాకు ఇంట్లో అన్నం దొరకదు. మీ గది మీరే ఉంచుకోండి, ఆ సిరంజీలూ ఉంచుకోండి. మెమో గిమో ఏం లేదు. బొమ్మ సంగతి నేను చూసుకుంటా. నిప్పు మాత్రం వెలిగించనివ్వకండి."

గది దక్కింది! ఎగిరి గంతేద్దామనిపించింది. ఆ ఆనందంలో అమ్మకు థ్యాంక్స్ చెబుదామని మళ్ళీ ముందుకు అడుగేశాను. మునస్వామి గరిటె మళ్ళీ అడ్డం వచ్చింది. చేసేది లేక వరండా దాటి, మెట్లు దిగి, చెట్టు దాటి, లైను చివరికి పోయి నిలబడ్డాను.

నా ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. చేతిలో పూలు లేవు, కొబ్బరికాయ లేదు, కాళ్ళకు చెప్పులు అలాగే ఉన్నాయి.

"చెప్పులు ఆ పక్కన విడువక్కా," అంది మెల్లిగా. "ఈ గుడికి నువ్వు రావడం ఇదే మొదటిసారా?"

చెప్పులు విడిచాను. "అవునమ్మా," అన్నాను.